కొల్లేటి డెక్కలో ఇనపముక్కు

మా ముత్తాత రామభద్రరాజుగారికి ఉండి అనే ఊరి చుట్టుపక్కల పదకొండు గ్రామాల్లో భూములుండేవి. ఆయన వీధిలోకి వస్తే అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవారు. మా తాత నరసింహరాజుగారు ఆ భూముల్లో సగం నిలబెట్టుకుని, కొల్లేటి మీద సొంత లాంచీ తిప్పారు. మా నాన్నగారు మర్యాద ఒక్కటీ నిలబెట్టుకున్నారు. నేను తాడేపల్లిగూడెంలో రెండు గదుల వాటాలో ఉంటున్నాను. ఇవి దాచుకోవలసిన సంగతులు కావు కనుక ముందే చెబుతున్నాను.

తాతగారి లాంచీ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఈ ప్రయాణం దాని కోసమే. అది టేకు చెక్క లాంచీ. ముందువైపు అడుగు నుంచి అంచు దాకా దళసరి ఇనపరేకు తొడిగించారు. కొల్లేటిలో గుర్రపుడెక్క గాలికి కొట్టుకొచ్చి దారులు మూసేస్తుంది. లాంచీ ముందు నడిచి ఆ డెక్కను చీలిస్తే, వెనక తాటిదోనెలు వరసగా వచ్చేవి. కొల్లేటివాళ్ళు దాన్ని ఇనపముక్కు అన్నారు, మమ్మల్ని లాంచీ రాజులు అన్నారు. కొల్లేటిలో కలిసే తమ్మిలేరూ బుడమేరూ ఒకేసారి పొంగిన ఏడు, ఇనపముక్కు డెక్కను చీల్చుకుంటూ వెళ్ళి ఒక లంకలో చిక్కుకున్న నలభై కుటుంబాలను ఒడ్డుకు చేర్చిందని మా ఇంట్లో చెప్పుకునేవారు. అప్పటికి నాకు మూడేళ్ళు. తర్వాత భూములు పోయాయి, లోగిలి పోయింది. ఆ నలభై కుటుంబాల కథ మాత్రం మాతోనే ఉండిపోయింది.

ఆ కథను పట్టుకునే ఒక వ్యాసం రాశాను. ఏలూరులో ఒక పఠనమందిరం ఉంది. నెలకొక ఆదివారం పది పదిహేను మంది అక్కడ చేరి ఎవరో ఒకరి వ్యాసం వింటారు. రెండువేల ఏడు శీతాకాలంలో నా వంతు వచ్చింది. నేను ఎన్నుకున్న విషయం ఇది: ధ్రువ సముద్రాల్లోకి వెళ్ళాలనుకునే చిన్న నౌకాదళాలు మంచు పగలగొట్టే ఓడను సొంతంగా కొనుక్కోవాలా? మన నౌకాదళం మన సముద్రంలో చిన్నదేమీ కాదు. మంచు దగ్గర మాత్రం చిన్నదే. దక్షిణ ధ్రువ ఖండంలో మనకు స్థావరం ఉంది, అక్కడికి మనవాళ్ళు ఏటా పరాయి దేశపు ఓడను అద్దెకు తీసుకుని వెళతారు. నాకిది మింగుడు పడేది కాదు. మా ఇంట్లో అద్దె బండి ఎక్కే అలవాటు లేదు. రైలూ బస్సూ ప్రభుత్వానివి కనుక అవి ఆ లెక్కలోకి రావు. కొనాలి అని పన్నెండు పేజీలు రాశాను. చివరి పేజీలో ఇనపముక్కును సాక్ష్యంగా నిలబెట్టాను.

సరిగ్గా అప్పుడే కొల్లేటికోటలో మా లాంచీ మూలపడి ఉన్న పాక చూసుకునే ఆయన దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. పాక కప్పు కూలిందని, కైకలూరులో ఐసు ఫ్యాక్టరీ ఆయన ఇంజను అడుగుతున్నాడని, ఉంచుకుంటారో వదులుకుంటారో వచ్చి ఒక మాట చెప్పమని. ఉంచుకునే ఉద్దేశంతోనే గురువారం పొద్దున్న బయలుదేరాను. సంచిలో వ్యాసం ఉంది.

ప్యాసింజరు రైలు

గూడెం స్టేషనులో ప్యాసింజరు రైలు ఎక్కితే ముందు ఉల్లిపాయల వాసన ఎక్కుతుంది. నా ఎదుట ఒక ఉల్లి వర్తకుడు గోనె సంచి మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. బయట కోతలు మొదలు కాని చేలు, మంచు పొర కింద పసుపు పచ్చగా మెల్లగా వెనక్కి పోతున్నాయి.

“ఎందాకండీ?” అన్నాడు.

“ఏలూరు.”

“పనిమీదా అండీ?”

“మంచు పగలగొట్టే ఓడల గురించి మాట్లాడాలి.”

కాసేపు ఆలోచించాడు. “ఏలూర్లోనా అండీ?”

పూళ్ళ దాకా వివరించాను. గడ్డకట్టిన సముద్రం మీదికి ఆ ఓడ ముక్కు ఎక్కుతుందని, దాని బరువుకు మంచు విరుగుతుందని, వెనక వచ్చే ఓడలకు దారి పడుతుందని చెప్పాను. అతను కళ్ళు మూసుకుని వింటున్నాడు. నిద్రపోయాడనుకున్నాను. భీమడోలు దగ్గర కళ్ళు తెరవకుండానే అడిగాడు.

“ఆ ఓడ ఏడాదికెన్ని నెల్లు పనికొస్తదండీ?”

“రెండు, మహా అయితే మూడు.”

“మిగతా నెల్లు?”

ఆ ప్రశ్నకు నా పన్నెండు పేజీల్లో జవాబు లేదు.

“ఉల్లిపాయలేసుకోవచ్చేమోనండీ,” అని, ఈసారి నిజంగానే నిద్రపోయాడు.

ఏలూరు

తంగెళ్ళమూడిలో ఖాదర్ గారి ఇంటి వసారాలోనే తివాచీ మగ్గం ఉంది. ఆయన భార్యా, ఆవిడ చెల్లెలూ పక్కపక్కన కూర్చుని ఊలు ముళ్ళు వేస్తున్నారు. ముడి వేయడం, కత్తితో తెంచడం, మళ్ళీ ముడి వేయడం. ఆ చప్పుడు వింటూ ఉంటే కాలం ఎటో జారిపోతుంది. పొద్దుటి నుంచి నేసింది నాలుగు వేళ్ళ వెడల్పు కూడా లేదు.

ఖాదర్ గారి తండ్రి వలీ సాహెబు మా ఇనపముక్కుకు డ్రైవరు. మా ఇంట్లో ఆయన్ను వలీ అని పిలిచేవారు, నేనూ చిన్నప్పుడు అలాగే పిలిచాను. కొడుకును గారు చేర్చి పిలవడం నాకు కొంత ఆలస్యంగా అలవాటైంది. ఖాదర్ గారు నౌకాదళంలో ఇంజను గదిలో పనిచేసి రిటైరయ్యారు. ఒకసారి అద్దె ఓడలో దక్షిణ ధ్రువ ఖండానికి వెళ్ళి వచ్చారు. నా వ్యాసానికి ఆయన కంటే మంచి సాక్షి దొరకడు. అందుకే ఆయన ఇంట్లో దిగాను, కొల్లేటికి తోడు రమ్మన్నాను.

ఆ ఓడ ఎలా ఉంటుందని అడిగితే ఖాదర్ గారు టీ సాసరు చేతిలోకి తీసుకుని వాలుగా ఊపి చూపించారు. “అడుగు గుండ్రంగా ఉంటదండీ, ఇలాగ. మంచు పట్టేస్తే నలిగిపోకుండా పైకి తేలాలి గదండీ. మంచులో మహారాణి. మామూలు సముద్రంలో మాత్రం ఒకటే ఊపు. గోవాలో ఎక్కామా, మంచు కనపడేదాకా నేను తిన్నది కడుపులో నిలిస్తే ఒట్టు.”

“పరాయివాళ్ళ ఓడలో మన జెండా పట్టుకెళ్ళడం సిగ్గనిపించలేదా?”

“అంత చలిలో సిగ్గెక్కడ గుర్తుంటదండీ.”

మగ్గం దగ్గర నుంచి ఆయన భార్య అంది: “ఈయన మంచు కథలు విని విని నాకు మోకాళ్ళ నొప్పులొచ్చాయండీ.”

వ్యాసంలో చివరి పేజీ చదివి వినిపించాను. వరద రోజున ఇనపముక్కు, దాన్ని నడిపిన వలీ సాహెబు, నలభై కుటుంబాలు. “మీ నాన్నగారు చెప్పే ఉంటారు,” అన్నాను.

“ఆయ్, వినకేమండీ,” అని లేచి, టీ చల్లారిందని లోపలికి తీసుకెళ్ళారు. టీ చల్లారలేదు. నాకు బాగా గుర్తు, పొగ వస్తోంది. అప్పుడు దాని గురించి ఆలోచించలేదు.

కైకలూరు

శుక్రవారం బస్సులో టిక్కెట్లు ఖాదర్ గారే తీసుకున్నారు. మనం అతిథులం అనుకుంటే అదీ మర్యాదగానే ఉంటుంది. ఏలూరు దాటాక రోడ్డుకు రెండు పక్కలా నీళ్ళు మొదలయ్యాయి. అంతకు ముందు ఏడు సరస్సులో చేపల చెరువుల గట్లు ప్రభుత్వంవాళ్ళు తెంచేశారు. తెగిన గట్ల ముక్కలు అక్కడక్కడా నీళ్ళలో పడుకున్న గేదెల్లా కనిపించాయి. వాటి మీద తెల్లటి కొంగలు. అడ్డుగట్లు పోయాయి కనుక డెక్క మళ్ళీ తన ఇష్టం వచ్చినట్టు తిరుగుతోందని పక్క సీటు ఆయన చెప్పాడు. ఊదారంగు పూలతో అది ఎంత దూరం ఉందో తెలియలేదు. నీళ్ళు ఎక్కడ ఆగి ఆకాశం ఎక్కడ మొదలైందో కూడా తెలియలేదు. కునుకు పట్టిందో లేదో చెప్పలేను కానీ, ఆ పూల మధ్య నల్లటి ముక్కుతో ఒక లాంచీ చప్పుడు లేకుండా మా బస్సు పక్కనే నడుస్తున్నట్టు చాలాసేపు అనిపించింది.

మధ్యాహ్నం ఖాదర్ గారు మసీదుకు వెళ్ళి వచ్చేదాకా ఒక మెస్సు ముందు బల్ల మీద కూర్చున్నాను. తర్వాత ఇద్దరం కొర్రమీను పులుసుతో భోజనం చేశాం. మనిషికి పాతిక రూపాయలు. మా ఇంట్లో చేపల పులుసుకు చింతపండు నానబెట్టి పిప్పి తీస్తారు. ఇక్కడ పిప్పితోనే వేశారు, పుల్లగా, కటువుగా ఉంది. రెండోసారి అడిగి వేయించుకున్నాను.

ఐసు ఫ్యాక్టరీ లోపల నిజంగానే చలి. మనిషెత్తు ఐసు దిమ్మలు గోనెపట్టాల మీద జారుకుంటూ వస్తున్నాయి. చివర ఒక మిషను వాటిని కరకరా నమిలి, చేపల పెట్టెల్లోకి పొడిగా పోస్తోంది. ఖాదర్ గారు చేతులు వెనక్కి కట్టుకుని చూశారు.

“ఇదిగోండి రాజుగారూ, మన ఐస్‌బ్రేకరు. అద్దె కూడా కాదు, సొంతం.”

ఫ్యాక్టరీ ఆయన పేరు సత్తిబాబు. పొట్టి మనిషి, చలికి మఫ్లరు చుట్టుకుని ఉన్నాడు. కుర్చీ తుడిచి వేశాడు. “లాంచీ మీరుంచుకోండి రాజుగారూ, నాకు ఇంజనొకటీ ఇప్పించండి. కరెంటు పోయినప్పుడల్లా ఈ మిషను ఆగిపోతోంది. చేప ఆగదు గదండీ. ఆ పాత కాలం ఇంజన్లు మెల్లగా తిరుగుతాయి, చెడవు.”

“అది అమ్మకానికి లేదు.”

“తొందరేం లేదండీ. చూసొచ్చే చెప్పండి,” అన్నాడు. అంతలో కరెంటు పోయింది. మిషను నోట్లో సగం దిమ్మ అలాగే ఉండిపోయింది. కూలీలు ఇనప గూటాలు తీసుకుని మిగతా సగాన్ని కొట్టడం మొదలుపెట్టారు. సత్తిబాబు మఫ్లరు బిగించుకుని తనూ ఒక గూటం అందుకున్నాడు.

ఆలపాడు దాటాక

శనివారం పొద్దున్న ఆలపాడు నుంచి కొల్లేటికోటకు పడవ. నడిపేది మరిడమ్మ అనే ఆవిడ. అరవై దాటిన మనిషి, ఎండకు కమిలిన ముఖం, ముక్కున రెండు పక్కలా పుడకలు. ఇంజను పడవే కానీ గెడకర్ర ఒకటి అడ్డంగా పెట్టుకుంది. అద్దె పడవ ఎక్కడం నాకిదే మొదటిసారి. ఖాదర్ గారు చెయ్యి అందించారు. చెయ్యి పట్టుకోకుండా ఎక్కబోయి, ఒక కాలు మోకాలి దాకా నీళ్ళలో పెట్టాను.

“పెద్దోరు, తొందరెందుకండీ, కొల్లేరెక్కడికీ పోదు,” అంది మరిడమ్మ. నేనెవరో ఆవిడకు తెలియదు.

పొగమంచులో కాసేపు బాగానే వెళ్ళాం. పొడుగు ముక్కుల గూడబాతులు రెండు నెమ్మదిగా మా పక్కనే ఎగిరాయి. తర్వాత గాలి తిరిగింది. దూరంగా ఊదారంగు గట్టు ఒకటి కదిలింది. గట్టు కదలడమేమిటి అనుకుంటుండగానే అది మా ముందు నుంచి, పక్కల నుంచి, చివరకు వెనక నుంచి కూడా వచ్చి మూసేసింది. నీళ్ళలో తిరిగే ఫ్యానుకు డెక్క చుట్టుకుని ఇంజను దగ్గి ఆగింది. మరిడమ్మ వంగి కొడవలితో ఫ్యాను శుభ్రం చేసింది. మళ్ళీ ఇంజను వెయ్యలేదు. కొంగు తల మీద కప్పుకుని కూర్చుంది.

“అలా కూర్చున్నావేమిటి?” అన్నాను.

“గాలి తెచ్చిందండీ. గాలే తీసుకెళ్తది.”

ఇనపముక్కు ఉంటే ఈపాటికి చీల్చుకుని వెళ్ళేది అన్నాను. అప్పుడు ఖాదర్ గారు, నేను అడగకుండానే, మొదటిసారి మంచు గురించి నవ్వకుండా మాట్లాడారు.

“మేమూ ఇలాగే కూర్చున్నామండీ, మంచు అంచున. పదకొండు రోజులు. అక్కడ ఆ నెలల్లో రాత్రి ఉండదు. ఎప్పుడు చూసినా ఒకటే తెలుపు. కళ్ళు మూసుకున్నా తెలుపే. మా ఓడకి చాలా బలం ఉంది, నాకు తెలుసు, ఇంజను నేను చూశాను గదా. మావాళ్ళు గొణిగారు, అద్దె గుర్రం గనక కదలట్లేదని. కెప్టెను ముసలాయన. పొద్దున్నే పైకెక్కి మంచు వంక కాదు, మబ్బు వంక చూసేవాడు. మబ్బు కింద నల్లటి చార ఉంటే దాని కింద నీళ్ళున్నట్టంట. మంచుంటే మబ్బు అడుగు తెల్లగా మెరుస్తదంట. పదకొండో రోజు ఆ చార కనపడింది. గాలి తిరిగింది. మంచు దానంతటదే విడిపోయింది. మేం పగలగొట్టింది ఆఖరి కొంచెమేనండీ.”

“సొంత ఓడ ఉంటే మన కెప్టెనూ నేర్చుకునేవాడు.”

“నేర్చుకుంటాడండీ. ఏడాదంతా దాంట్లో ఉంచితే.”

మరిడమ్మ మా మాటలు వింటూ నవ్వింది. “ఇనపముక్కు అంటున్నారు, మీకు దాని సంగతి తెలుసా అండీ?”

“ఆ ముచ్చట ఇప్పుడెందుకులే అమ్మా,” అన్నారు ఖాదర్ గారు, కొంచెం గట్టిగానే.

“ఎందుకేంటండీ. పడవ కదలట్లేదు, ఏదో ఒకటి చెప్పుకోవద్దా. నాకప్పుడు తొమ్మిదో పదో ఏళ్ళండీ. రెండేర్లూ ఒక్కసారే వచ్చాయి. ఇంటి కప్పెక్కి కూర్చున్నాం. కప్పు మీంచి చూస్తే ఒడ్డున లాంచీ కనపడతంది, నల్లటి ముక్కు. అదొచ్చేస్తదే అని మా అమ్మ చీర కొంగు ఊపింది. ఊపింది, ఊపింది, చెయ్యి పడిపోయింది. అది కదల్లేదండీ. నడిపేటోడు లేడంట. ఏడాదికి రెండు నెలలే లాంచీ పని, అదైపోయిందని పంపేశారంట.”

నేను ఖాదర్ గారి వంక చూశాను. ఆయన నీళ్ళ వంక చూస్తున్నారు.

“మరి ఎలా వచ్చారు?” అన్నాను.

“మా మావయ్యలు, ఇంకో పదిమంది. కిక్కిస గడ్డి కోసి కట్టలు కట్టారు. డెక్క మీద ఆ కట్టలు పరిచి, వాటి మీంచి దోనెలు లాక్కొచ్చారు. చీల్చలేదండీ, దాని మీద నడిచొచ్చారు. రెండు రోజులు. నలభై ఇళ్ళోళ్ళనీ తీసుకెళ్ళారు. మా తమ్ముణ్ణి వంటగిన్నెలో కూర్చోబెట్టారు.”

“లాంచీ వచ్చిందని అంటారే మరి.”

“అంటారండీ. రాజుగారు తర్వాత గాదె తీసి బియ్యం పంపారు. రెండు నెలలు ఆ బియ్యమే తిన్నాం. తిన్నోళ్ళం, ఆయన లాంచీ రాలేదని ఎలా అంటాం? ఎవరో లాంచీ తెచ్చిందన్నారు, ఊరుకున్నాం. ఇంతకీ తమరెవరండీ?”

చెప్పాను. ఇంటిపేరు, తాతగారి పేరు.

మరిడమ్మ కొంగు తీసి సర్దుకుని లేచి నిలబడింది. పడవ ఊగింది. “అయ్యో. చిన్నదాన్నండీ అప్పుడు. సరిగ్గా గుర్తులేదండీ. లాంచీ వచ్చే ఉంటది. వచ్చిందండీ, ఇప్పుడు గుర్తొస్తంది.”

ఆ మాట నాకు తగిలినంతగా ముందు చెప్పిన కథ తగల్లేదు. “కూర్చో అమ్మా. నువ్వు చెప్పిందే నిజం,” అన్నాను.

పొగమంచు పలచబడింది. డెక్క మీద వేల కొద్దీ తెల్లటి పక్షులు దిగి ఉన్నాయి, నేల గడ్డకట్టి తెల్లబడ్డట్టు. నాకు మా లోగిలి గుర్తుకొచ్చింది. ఈ కథ నాయనమ్మ చెప్పేది, నాన్నగారు చెప్పేవారు. తాతగారి నోట ఒక్కసారీ వినలేదు. ఆ మాట వచ్చినప్పుడల్లా ఆయన లేచి పెరట్లోకి వెళ్ళిపోయేవారు. అది వినయం అనుకుని, నేనూ అలాగే ఉండాలని చిన్నప్పుడు చాలా కష్టపడ్డాను.

“మీకు తెలుసు,” అన్నాను ఖాదర్ గారితో.

“తెలుసండీ. మా నాన్న అప్పుడు గూడెంలో బియ్యం మిల్లులో ఉన్నాడు. మిగతా పది నెల్లూ అక్కడే గదా. వాన తగ్గకుండానే నడుచుకుంటూ బయల్దేరాడు. రెండున్నర రోజులు. వచ్చేసరికి అందరూ ఒడ్డున వంటలు చేసుకుంటన్నారంట.”

“మొన్న వ్యాసం చదివినప్పుడు చెప్పలేదేం?”

“మీ ఇంటి మాట నేనెలా చెబుతానండీ.”

గాలి మళ్ళీ తిరిగింది. డెక్క ఎలా వచ్చిందో అలాగే, ఎవరూ తోయకుండా, విడిపోయింది.

కొల్లేటికోట

రేవులో దిగుతూ పడవ అద్దె నేనే ఇచ్చాను. ఖాదర్ గారు జేబులో చెయ్యి పెట్టబోతే వద్దన్నాను. ఇద్దరికి పది రూపాయలు. మరిడమ్మ తీసుకోనంది. చాలాసేపు బతిమాలవలసి వచ్చింది.

పాక సగం కూలి ఉంది. లాంచీ మీద తాటాకులు, పిచ్చుకల గూళ్ళు, ఎవరివో వలలు. ముక్కు రేకు తుప్పు పట్టి ఎర్రగా పొరలు పొరలుగా లేస్తోంది. చేత్తో తాకితే ఒక పొర ఊడి వచ్చింది. అరచేతిలో ఎంతసేపు పట్టుకున్నానో తెలియదు. ఊళ్ళో ఎవరింట్లోనో చేపలు ఎండబెడుతున్న వాసన వస్తోంది. ఎండ పాకలోకి చారలుగా పడుతోంది. కలలో చూసిన లాంచీ దీనికంటే చాలా పెద్దది.

ఖాదర్ గారు లోపలికి దిగి, ఇంజను మీది గోనెపట్టా తీశారు. అది నల్లగా, నూనెతో నిగనిగలాడుతోంది. పట్టా కింద ఎక్కడా తుప్పు లేదు.

పాక చూసుకునే ఆయన చెప్పాడు: “వలీ సాయిబుగారు ప్రతి ఏడూ వానలకి ముందొచ్చేవారండీ. విప్పి, తుడిచి, గ్రీజు రాసి, చక్రం నాలుగుసార్లు తిప్పి పోయేవారు. తమరి ఇంట్లోంచి ఎవరూ రావట్లేదని ఆయనే నాకు నేర్పి పోయారు. కాలం చేశాక నేను రాస్తన్నానండీ.”

“ఎవరు రమ్మన్నారు ఆయన్ని?”

“ఎవరూ రమ్మనలేదండీ. ఈసారి వరదొస్తే ఇంజను లేదనిపించుకోకూడదనేవారు.”

ఖాదర్ గారికి ఈ సంగతి తెలియదు. తండ్రి ఏటా వానలకు ముందు నాలుగు రోజులు ఎక్కడికో వెళ్ళేవాడని, చుట్టాల ఊరనుకునేవాళ్ళమని మాత్రం అన్నారు. తర్వాత రెండు చేతులా చక్రం పట్టుకుని తిప్పారు. అది ఒక్క చప్పుడు చేయకుండా తిరిగింది. ఆయన నా వైపు తిరగకుండా చాలాసేపు దాన్నే తిప్పుతూ ఉండిపోయారు.

నేను పాక బయటకు వచ్చి నీళ్ళ ఒడ్డున నిలబడ్డాను. ఉంచుకోవాలని వచ్చాను. ఉంచుకోవడం అంటే ఏమిటో ఆ ఇంజను దగ్గర తెలిసింది. మేము కొన్నాం. ఉంచుకున్నది వలీ సాహెబు.

మళ్ళీ ఏలూరు

ఆదివారం పఠనమందిరంలో పన్నెండు మంది ఉన్నారు. వెనక వరుసలో ఖాదర్ గారు, ఆయన భార్య. చివరి పేజీ తీసేసి, దాని బదులు పొద్దున వసారాలో మగ్గం పక్కన కూర్చుని రాసిన రెండు పేజీలు చదివాను.

అందులో సారాంశం ఇది. అద్దె ఓడకు ఇబ్బందులున్నాయి, అవి నేను దాచలేదు. మనకు అవసరమైన ఏడే యజమాని దాన్ని ఇంకొకరికి ఇవ్వవచ్చు. మనవాళ్ళు మంచులో చిక్కుకుంటే ఇంకొకరి దయ కోసం చూడాలి. ఇవి చిన్న విషయాలు కావు. కానీ రెండు నెలల పనికి ఓడను కొని, పది నెలలు వెచ్చటి రేవులో కట్టేసి, మనుషుల్ని వేరే పనికి పంపేసే నౌకాదళానికి ఓడ ఉన్నట్టు కాదు. ఒడ్డున నల్లటి ముక్కు ఒకటి కనిపిస్తుంది, అంతే. దాన్ని చూసి కప్పుల మీదివాళ్ళు కొంగులు ఊపుతారు. చిన్న నౌకాదళాలు ముందు మనుషుల్ని పంపాలి. పరాయి మంచు ఓడల్లో ఏటా కొందరిని, పదేళ్ళపాటు. మబ్బు అడుగు చూసి నీళ్ళెక్కడున్నాయో చెప్పగలిగినవాళ్ళు మనలో తయారైన ఏడు, ఓడ కొనాలి. ఆ తర్వాత వాళ్ళను పన్నెండు నెలలూ ఉంచుకోవాలి. అది చేతకానంత కాలం అద్దె ఓడ ఎక్కాలి. అందులో తలవంపు లేదు.

తర్వాత వరద కథ చెప్పాను, మరిడమ్మ చెప్పినట్టే, కిక్కిస కట్టలతో సహా. వంటగిన్నె మాట వచ్చినప్పుడు ఎవరో నవ్వారు. బియ్యం సంగతీ చెప్పాను, అది నిజం కనుక.

ముందు వరుసలో ఒక రిటైర్డు మాస్టారు లేచారు. “ఇంతకీ ఏవండీ, కొనాలంటారా, వద్దంటారా? ఒక్క మాటలో చెప్పండి.”

“వలీ సాహెబుకు పన్నెండు నెలలూ జీతం ఇవ్వగలిగితే కొనాలండి.”

మాస్టారు ఇంకా ఏదో అడగబోయారు. వెనక వరుసలో ఖాదర్ గారు తల వంచుకుని చేతిరుమాలు వెతుక్కుంటున్నారు. ఆయన భార్య తన కొంగు అందించింది. మాస్టారు అటు చూసి కూర్చున్నారు.

సాయంత్రం ప్యాసింజరులో గూడెం వచ్చేశాను. పూళ్ళ దాటాక చేల మీద మళ్ళీ తెల్లటి పొర దిగింది. దాని అవతల ఏముందో కనిపించలేదు.

పన్నెండు నెలలూ పని ఉండే చోటని లాంచీ ఇంజను డిసెంబరులో కైకలూరు ఐసు ఫ్యాక్టరీకి అమ్మేశాను. ఖాదర్ గారు వెళ్ళి బిగించి వచ్చారు. టేకు చెక్క కొల్లేటికోటవాళ్ళు పడవలకు కొనుక్కున్నారు. ముక్కు రేకు తూకానికి పోయింది.